దిష్టిపేరు

"షేక్ జైనబ్" అని పిలిచింది ప్రసన్నకుమారి టీచర్.

ఎవరూ పలకలేదు. టీచర్ తలెత్తి ఒకటో తరగతి పిల్లలందరినీ ఒకసారి చూసి మళ్ళీ పిలిచింది. బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది పిల్ల తల్లి గౌసియా. పిల్లలు లోపలికెళ్ళాక తల్లులంతా ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు. గౌసియా ఒక్కతే, నీళ్ళసీసా ఇవ్వడం మర్చిపోయానన్న వంకతో అక్కడే ఉండిపోయింది. కూతురు రెండో వరసలో కొత్త బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పక్కపిల్ల రిబ్బను వైపు చూస్తూ కూర్చుంది. ఆ పిలిచింది ఎవరినో అన్నట్టు నిమ్మళంగా ఉంది.

"ఈ పిల్ల రాలేదా?" అంది టీచర్.

గౌసియా కిటికీలోంచి "నిన్నేనే, పలుకు" అని సైగ చేసింది. జైనబ్ తల్లిని చూసి చెయ్యి ఊపింది.

ఇంతలో వాళ్ళ వీధిపిల్లే ఒకత్తి లేచి నిలబడింది. "టీచరండీ, వచ్చిందండీ. ఇదేనండీ. దీని పేరు అది కాదండీ, మసి!"

క్లాసంతా గొల్లుమంది. జైనబ్ కూడా నవ్వింది. ఎట్టకేలకు తన పేరు పిలిచారన్న సంతోషంతో లేచి, చేతులు కట్టుకుని, "ఆయ్, మసినండీ" అంది.

ఆ పిల్ల ఎడమ చెంప మీద, కంటి కిందనుంచి దవడ దాకా నల్లటి పుట్టుమచ్చ ఉంది. కట్టెలపొయ్యి మీంచి దింపిన గిన్నె అడుగుని తాకి, ఆ చేత్తోనే ఎవరో చెంప నిమిరినట్టు ఉంటుంది. పిల్లలు ఆ చెంప చూశారు, పేరు విన్నారు, రెండూ కలిశాయి. ఇంక నవ్వు ఆగలేదు.

టీచర్ బల్ల మీద చేత్తో కొట్టి వాళ్ళని ఊరుకోబెట్టి, కిటికీ దగ్గరకొచ్చింది. "మీ పాపేనాండీ? తన పేరు తనకి తెలీదేంటండీ?"

"తెలుసండీ. కొత్త కదండీ, బెదిరింది."

"బెదరలేదండీ. హాయిగా నవ్వుతోంది." టీచర్ గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి. మా అన్నయ్యకీ ఊళ్ళో ఇలాగే ఒక పేరు పెట్టేరు. ఆయనిప్పుడు బ్యాంకులో ఆఫీసరండీ. ఊరొస్తే ఇప్పటికీ అదే పేరు. అందుకే రాడండీ."

గౌసియా నీళ్ళసీసా కిటికీలోంచి లోపలికి అందించి, తిరిగి నడిచింది.

కాలువ గట్టు మీద నడుస్తుంటే ఒళ్ళంతా మంటలు. నవ్విన పిల్లల మీద కోపం లేదు. వాళ్ళకేం తెలుసు? కోపమంతా వాళ్ళ వీధి మీద. ఆ వీధిలో తల్లిదండ్రులు పెట్టిన పేరుతో బతికి బట్టకట్టినవాడు ఒక్కడు లేడు. గూని ఖాసిం, మెల్ల జానీ, తొస్సి మస్తాన్. దేవుడు ఎక్కడ ఒక వంకర పెడితే అక్కడ ఒక పేరు తగిలించడం వాళ్ళకి పకోడీలు తిన్నంత సరదా. ప్రతిదానికీ గాభరాపడుతుందని తననే "కంగారు గౌసియా" అంటారు. పోనీలే, పెద్దదాన్ని, పడ్డాను. అయిదేళ్ళ పిల్ల తన పేరు మసి అనుకుంటోందే! ఎవరో కొట్టిన దెబ్బని వాచీలా చేతికి పెట్టుకుని తిరుగుతోందే!

ఆ పేరు పెట్టింది మాత్రం వీధిలో పనీపాటా లేనివాళ్ళెవరూ కాదు. కమరున్నీసా. అందరికీ కమర్ ఆపా, అంటే అక్క. ఆడవాళ్ళ మదరసాలో చదువుకుని వచ్చిన మనిషి. వీధిలో ఆడవాళ్ళని వారానికొకసారి తన ఇంట్లో కూర్చోబెట్టి ఖురాన్ అర్థం తెలుగులో చెప్పే మనిషి. ఏడో తరగతిలో బడి మానిపించిన గౌసియాకి మళ్ళీ కూడబలుక్కుని చదవడం అలవాటు చేసింది ఆవిడే. అందుకే ఈ కోపానికి ఒక ఒడ్డు దొరకడం లేదు.

జైనబ్ కన్నా ముందు గౌసియాకి ఒక మగపిల్లాడు పుట్టాడు. పచ్చగా, బొద్దుగా, చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేనట్టు ఉండేవాడు. నలభై రోజులు నిండకుండానే పోయాడు. డాక్టర్లు ఏదో చెప్పారు. అత్త మీరాబీ మాత్రం "దిష్టి కొట్టింది" అంది. ఆ మాటే గౌసియా కడుపులో దిగబడిపోయింది. తరవాత జైనబ్ పుట్టింది. ఆ చెంప చూసి నర్సమ్మే ఒక్క క్షణం నోరు తెరిచింది. మీరాబీ మొహం తిప్పేసుకుంది. అప్పుడు అమలాపురం ఆస్పత్రికి వచ్చిన కమర్ ఆపా పిల్లని ఎత్తుకుని, ఆ నల్ల చెంప మీదే ముద్దెట్టుకుని, "దీనికి దిష్టిచుక్క అల్లాయే పెట్టి పంపేడమ్మా. మసి పూసుకొచ్చేసింది మా మసిబంగారం" అంది. బంగారం వారంలో రాలిపోయింది. మసి మిగిలింది.

"ఉండనీ. చెడ్డపేరున్న పిల్ల వైపు చావు చూడదు" అంది మీరాబీ.

గౌసియా ఉండనిచ్చింది. పిల్లకి ఒళ్ళు వేడెక్కినప్పుడల్లా ఆ పేరే గబగబా పిలిచేది, తాయెత్తు తడుముకున్నట్టు. ఇప్పుడది గుర్తొచ్చి, గట్టు మీద పోతూ పోతూ తన నోటిమీద తనే కొట్టుకుంది. ఎదురొస్తున్న కొబ్బరి డొక్కల బండివాడు భయపడి పక్కకి తప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అత్త చింతపండు పిసుకుతోంది. గౌసియా చెప్పులు విడిచీ విడవకుండానే అంది: "అత్తమ్మా, ఇవాళ్టినుంచి పిల్లని జైనబ్ అనే పిలవాలి."

"ఏం, ఏమైంది?"

"బళ్ళో నవ్వేరు."

"నవ్వితే నవ్వేరు. నవ్వితే చచ్చిపోతారేంటి?" మీరాబీ చింతపండు పిప్పి పక్కన పడేసింది. "అందమైన పేరు పెట్టి ముద్దుగా పిలిచేవుగా ముందు వాణ్ణి. ఏడీ?"

గౌసియా లోపలికెళ్ళి గిన్నెలు తోమడం మొదలెట్టింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. ముసలిదానికి ఎక్కడ గుచ్చాలో తెలుసు. భర్త సిలార్‌కి చెబుదామంటే కొబ్బరికాయల లారీతో ఉత్తరాదికి పోయాడు. చెప్పినా "ఉత్త మాటే గదా" అంటాడు. ఉత్త మాటే! మాటే గదా ఇప్పుడు పిల్ల మొహానికి అంటుకుంది.

ఆలోచించగా ఆలోచించగా ఒకటే దారి కనిపించింది. వీధికి కమర్ ఆపా మాటంటే గురి. పెట్టిన మనిషే నలుగురిలో ఆ పేరు తీసెయ్యాలి. ఆవిడ మానితేనే వీధి మానుతుంది, వీధి మానితేనే బడి మానుతుంది. ఇప్పుడు కాకపోతే ఆ పేరు పిల్లతో పాటే పెరిగి, పెళ్ళిపందిట్లో కూడా ముందు వరసలో కూర్చుంటుంది. ఈ వారం పాఠం ఇవాళే. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక.

బడి నుంచి వచ్చిన జైనబ్ ఎండకి వాడిపోయి ఉంది. అన్నం తిననంది. "అమ్మా, బళ్ళో అందరికీ నా పేరొచ్చేసింది" అని గొప్పగా చెప్పింది. గౌసియా పిల్ల మొహం కడిగి, తల దువ్వి, వెంటబెట్టుకుని బయల్దేరింది.

కమర్ ఆపా ఇంటి హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. వీధి ఆడవాళ్ళు అప్పటికే చేరారు. గోడవారగా ముసలి మదార్‌బీ కాళ్ళు చాపుకుని కూర్చుంది. కొన్ని వారాలుగా హుజురాత్ సూరా నడుస్తోంది. విశ్వాసులు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో చెప్పే అధ్యాయం అది. పెద్దల ముందు గొంతు తగ్గించుకోవడం, ఎవడో మోసుకొచ్చిన కబురు నిజమో కాదో తేల్చుకోవడం, కొట్టుకున్నవాళ్ళని కలపడం అయిపోయాయి. ఇవాళ కమర్ ఆపా కళ్ళజోడు సర్దుకుని అందులో తరవాతి వాక్యం, ఆ ఆయత్ చదివి, అర్థం చెప్పింది.

"విశ్వసించినవాళ్ళారా, ఒకళ్ళు ఇంకొకళ్ళని ఎగతాళి చెయ్యకూడదు. ఎవరికి తెలుసు, ఆ ఎగతాళి పడ్డవాళ్ళే మీకన్నా మంచివాళ్ళేమో. ఆడవాళ్ళు ఆడవాళ్ళని ఎగతాళి చెయ్యకూడదు. చూసేరా, ఆడవాళ్ళని విడిగా చెప్పేడు అల్లా. ఎందుకంటారు?"

"మనకే నోరెక్కువని" అంది మదార్‌బీ. అందరూ నవ్వారు.

"మరే! ఇంకా ఏమన్నాడంటే, ఒకళ్ళకొకళ్ళు చెడ్డపేర్లు పెట్టుకుని పిలుచుకోకండి అన్నాడు. ఒకసారి ప్రవక్త గారి ఇంట్లోనే ఒకావిడ ఇంకో ఆవిడ పొట్టిదని అందంట. ఒక్క మాటే. ఆయనేమన్నారు? నువ్వన్న మాట సముద్రంలో కలిపితే సముద్రం కూడా పాడైపోతుంది అన్నారు. మన అంతర్వేది సముద్రమొక్కటే కాదమ్మా, మొత్తం సముద్రం!"

"మనది రొయ్యల చెరువులోళ్ళు ఎప్పుడో పాడుచేసేసేరు ఆపా" అంది మదార్‌బీ. మళ్ళీ నవ్వులు.

కమర్ ఆపా కూడా నవ్వి, గొంతు సవరించుకుని, గుమ్మం దగ్గర ఆడుకుంటున్న జైనబ్ వైపు తిరిగింది. "మసీ, ఆ కుండలో నీళ్ళు కాసిని తేవే తల్లీ."

పిల్ల చెంగున లేచి గ్లాసు పట్టుకుని పరుగెత్తింది. ఎవరి మొహంలోనూ ఏ మార్పూ లేదు. ఎవరికీ ఏమీ వినిపించలేదు. చాప మీద కూర్చున్న అంతమందిలో ఒక్క గౌసియా చెవులకే ఆ మాట పిడుగులా తగిలింది. ఎలా అడగాలో దారంతా కూడదీసుకున్న మర్యాద మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఆపా, ఇప్పుడేం చదివేరు?"

"ఏంటమ్మా?"

"చెడ్డపేర్లు పెట్టి పిలవొద్దని చదివేరా లేదా? ఆ పేజీ మీద వేలు తియ్యకుండానే నా కూతుర్ని ఏమని పిలిచేరు?"

 నీళ్ళగ్లాసు తెచ్చిన జైనబ్ ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నిలబడింది.

"అయ్యో, అది ముద్దుకి పిలిచేది గౌసియా. ఎగతాళి ఎందుకవుద్ది?"

"ఇవాళ బళ్ళో అందరూ ముద్దుగానే నవ్వేరాపా. షేక్ జైనబ్ అంటే పలకలేదు నా కూతురు. మసి అంటే లేచి నిలబడింది. దీనికి ఎంత సముద్రం పాడవుద్దో చెప్పండి!"

"గొంతు తగ్గించవే, పెద్దావిడతోనా?" అంది మదార్‌బీ.

"తగ్గించను. అయిదేళ్ళు తగ్గించేను."

కమర్ ఆపా మొహం ఎర్రబడింది. ఆవిడకీ కోపమొచ్చింది. వచ్చిందంటే గౌసియా కోపం కన్నా తక్కువేం కాదు. "ఏం మాటలమ్మా అవి? ఆ పిల్ల పుట్టినరోజు సొంత నాయనమ్మే మొహం తిప్పుకుంటే ఎత్తుకున్నదెవరు? ఆ చెంప మీద ముందు ముద్దెట్టుకున్నదెవరు? నువ్వే భయపడి దుప్పటి కప్పేవు. అయిదేళ్ళూ నువ్వూ అదే పిలిచేవుగా. ఇవాళ బళ్ళో నామోషీ అయ్యేసరికి ఆయత్ గుర్తొచ్చిందా?"

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే గౌసియాకి నిప్పు మీద నూనైంది. నిజంగా తప్పు చేసినవాళ్ళు నిజాలు చెబుతుంటే మండినంతగా ఇంకెప్పుడూ మండదు మనిషికి. అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం దొరికితే అది విసరాలనిపించింది. దొరికింది.

"ముద్దుపేరే అంటారా? అయితే మీక్కూడా ఉందిగా ముద్దుపేరు. మీ వెనకాల వీధంతా పిలిచేది. గొడ్డు కమర్! ఎలా ఉంది, బాగుందా?"

ఎవరో "యా అల్లా" అన్నారు. మదార్‌బీ చాచిన కాళ్ళు ముడుచుకుంది.

కమర్ ఆపాకి పిల్లల్లేరు. ఎన్ని ఆస్పత్రులు తిరిగిందో వీధికి తెలుసు. తెలిసే ఆ పేరు పెట్టారు. చాపల మీద కూర్చున్నవాళ్ళలో ఆ పేరు పలకని నోరు లేదు. కొళాయి దగ్గర, పెళ్ళివంటల దగ్గర, పాఠం వినేసి ఇంటికి పోతూ పోతూ కూడా అన్నారు. గౌసియా కూడా అంది. కాకపోతే ఇన్నాళ్ళూ వెనకాల అంది.

కమర్ ఆపా కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. పెట్టుకున్న కళ్ళజోడే మళ్ళీ తీసింది.

"తెలుసు" అంది చివరికి. "గోడలకి చెవులుంటాయమ్మా. మొహం మీద అన్నది మాత్రం నువ్వే."

గౌసియా క్షమించమని అనాలి. అనబోతే గొంతులో ఇంకా మసి అన్న మాటే అడ్డం పడి ఉంది. కోపం దిగలేదు, సిగ్గు ఆగలేదు. రెండూ ఒకే పీట మీద కూర్చుని తోసుకుంటున్నాయి.

ఆపా పుస్తకం మూసేస్తుందనుకున్నారంతా. మూయలేదు. బొంగురుపోయిన గొంతుతో ఆ ఆయత్‌లో మిగిలిన ముక్క చదివింది. విశ్వాసంలోకి వచ్చాక చెడ్డపేరు మోయడమూ మోయించడమూ చాలా చెడ్డదని, దానికి పశ్చాత్తాపపడనివాళ్ళే దుర్మార్గులని. ఆగకుండా తరవాతి ఆయత్ కూడా చదివేసింది. ఒకరి వెనక ఒకరు చెడు చెప్పుకోకండి, చచ్చిపోయిన తోబుట్టువు మాంసం తినడం మీలో ఎవరికైనా ఇష్టమా అని అడిగే ఆయత్ అది. అర్థం చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. చాప మీద ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆ మాంసం తిన్న చేతిని దాచుకున్నట్టు అందరూ కొంగుల్లో చేతులు దాచుకున్నారు.

గౌసియా పిల్ల చేతిలోని గ్లాసు తీసి కింద పెట్టి, రెక్క పట్టుకుని బయటికి నడిచింది. పొరపాటున ఇంకో మాట అంటుందేమోనని తన మీద తనకే భయమేసింది.

పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ అయ్యేసరికి జైనబ్‌కి జ్వరం తగిలింది. చెయ్యి పెడితే కాలిపోతోంది.  ఎండ, కొత్త బడి, అన్నం తినకపోవడం, కారణాలన్నీ కళ్ళముందే ఉన్నాయి. అయినా గౌసియాకి కనిపించింది ఒకటే కారణం. ఇవాళ పొద్దున్నే కదా ఆ పేరు తీసేద్దామనుకుంది. ఇవాళే కదా.

"నే చెప్పలేదూ?" మీరాబీ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "పేరు తీసేసింది మహాతల్లి. ఒక్కపూట ఆగలేదు దిష్టి. పిలు, మసీ అని పిలు. కళ్ళు తెరుస్తుంది."

గౌసియా తడిగుడ్డ పిండి పిల్ల నుదుటి మీద వేసింది. పెదాల మీదకి ఆ పేరు వచ్చేసింది. అలవాటు పడ్డ నోరు. ఎన్ని జ్వరాలు దాటించిందో ఆ పేరు. ఒక్కసారి అంటే ఏం పోయింది? ఎవరు విన్నారు? వాడు పోయినరోజు కూడా ఇలాగే ఒళ్ళు కాలింది.

అంతలోనే కోపమొచ్చింది. తన మీద, అత్త మీద, భయం మీద. ఇన్నేళ్ళు భయపడి భయపడి పిల్లకి ఏం మిగిల్చింది? బతికించేది అల్లా అని రోజూ అయిదుపూటలా చెబుతూ, మధ్యలో మసిని కాపలా పెట్టుకున్నానే నేను!

"జైనబ్" అంది. గొంతు బద్దలైనట్టు వచ్చింది. "జైనబ్, ఇటు చూడమ్మా."

పిల్ల చూడలేదు.

"చూడదు" అంది మీరాబీ.

"చూడకపోతే మానె. నేను పిలుస్తూనే ఉంటాను. జైనబ్. జైనబ్!"

వీధి తలుపు చప్పుడైంది. కమర్ ఆపా. జ్వరం మాట పక్కింటివాళ్ళు చేరేసినట్టున్నారు. చేతిలో జ్వరం సిరప్ సీసా ఉంది. లోపలికి రాలేదు, గడప అవతలే ఆగింది. ఏడ్చిన కళ్ళు దాచుకోలేదు.

"మ..." అని నాలిక కరుచుకుంది. "జైనబ్‌కి ఎలా ఉందమ్మా?"

గౌసియా లేచి నిలబడింది. "ఆపా, నేనన్న మాటకి మాఫ్ చెయ్యండి. ఆ మాట చాలా తప్పు. మీరు పెట్టినదానికి మాత్రం నాకింకా కోపంగానే ఉంది."

"ఉండనీ. నాకూ ఉంది, నువ్వన్నదానికి. అంత తొందరగా పోదు." ఆవిడ లోపలికొచ్చి సిరప్ మూతలోకి వంచింది. "రేపు బడికి నేనూ వస్తాను. దారిలో ఒక్కొక్క గుమ్మంలో ఆగి చెబుతాను. పెట్టింది నేను, తీసేదీ నేనే. నోరు తిరగక నేనే మళ్ళీ అనేస్తే అక్కడే తిట్టు, పడతాను."

మీరాబీ వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, విసురుగా వంటింట్లోకి పోయి, గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చింది. "మీ చదువులు మీరు చదువుకోండి. నా మనవరాలికి నేను దిష్టి తీస్తాను. అడ్డం లేవండి."

కమర్ ఆపా నోరు తెరిచింది. దిష్టి తియ్యడం దీన్‌లో, మన మతంలో లేదని ఎన్ని పాఠాల్లో చెప్పిందో. గౌసియా ఆవిడ వైపు చూసింది. ఆవిడ నోరు మూసుకుంది.

"తియ్యి అత్తమ్మా" అంది గౌసియా. "ఎన్నిసార్లైనా తిప్పుకో. తిప్పేటప్పుడు మాత్రం దీని పేరు పెట్టే తిప్పు."

మీరాబీ గుప్పిలి పిల్ల తల చుట్టూ తిప్పడం మొదలెట్టింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, బడి దిష్టి, టీచరు దిష్టి, ఈ ఆపా దిష్టి, పిచ్చి తల్లి దిష్టి, అన్నీ పోవాలి, నా..." చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముసలి నాలిక అటూ ఇటూ తడుముకుంది. సొంత మనవరాలిని ఆ పేరుతో ఒక్కసారైనా పిలిచి ఉంటే కదా.

"జైనబ్" అని అందించింది గౌసియా, పళ్ళ బిగువున.

"తెలుసులేవే, నువ్వు చెప్పాలా?" అని కసిరింది మీరాబీ. "నా జైనబ్‌కి తగిలినవన్నీ పోవాలి" అని, గుప్పిట్లోదంతా పొయ్యిలో పడేయడానికి వెళ్ళింది.

మిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్మేసింది. ముందు దగ్గింది కమర్ ఆపా.